లాహౌల్ చలికాలానికి యూటీవీకి ట్రాక్‌లు బిగించాలా, స్నో చైన్లు సరిపోతాయా?

శామీర్‌పేట్ ఆఫ్‌రోడర్

అందరికీ నమస్తే. మా బాబాయి కొడుకు, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి హిమాచల్‌లోని లాహౌల్‌లో సిస్సు దగ్గర చిన్న క్యాంప్ లీజుకు తీసుకున్నారు. నాకూ అందులో వాటా ఉంది, కానీ నేనుండేది ఇక్కడే హైదరాబాద్‌లో. శామీర్‌పేట్ తోటలో వాడుకునే మా సైడ్ బై సైడ్ యూటీవీని (పక్కపక్కన కూర్చునే ఆఫ్‌రోడ్ బండి; పెట్రోల్, 1,000 సీసీ, పవర్ స్టీరింగ్ ఉంది) లారీలో ఎక్కించి పైకి పంపించాం. అటల్ టన్నెల్ 2020లో తెరిచాక అక్కడ చలికాలంలో కూడా మెయిన్ రోడ్డు చాలా రోజులు నడుస్తూనే ఉంటుంది, మంచు పడితే బీఆర్‌వో (సరిహద్దు రోడ్ల సంస్థ) వాళ్లు తోసేస్తారు. రోడ్డు మీంచి క్యాంప్‌కి ఎక్కే కచ్చా దారిని మాత్రం డిసెంబర్ నుంచి మార్చి దాకా పట్టించుకునే నాథుడు లేడు. గ్యాస్ సిలిండర్లు, డీజిల్ క్యాన్లు, బియ్యం, గెస్టుల లగేజీ అన్నీ ఆ దారినే ఎక్కాలి.

ఇద్దరు పార్ట్‌నర్లు రబ్బర్ ట్రాక్ కిట్ (చక్రాల బదులు బిగించే రబ్బరు బెల్టుల సెట్) తెప్పిద్దాం అంటున్నారు. మూడోవాడు నాలుగు చక్రాలకీ చైన్లు చుట్టి పని కానిచ్చేద్దాం అంటాడు. నా టెన్షన్ డబ్బు గురించి కాదు. జనవరిలో అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కిందికి దించాల్సింది ఈ బండిలోనే. అనుభవం ఉన్నవాళ్లు ఏది నమ్మొచ్చో చెప్పండి.

డెక్కన్ మడ్

ట్రాక్‌లే భయ్యా, రెండో ఆలోచన వద్దు. చైన్లు పట్టు ఇస్తాయి కానీ బండిని మంచు మీద తేలనివ్వవు, మీకు కావాల్సింది తేలడం. లెక్క చూడండి. టైరులో 10 పీఎస్ఐ గాలి ఉంటే అది నేలను నొక్కే ఒత్తిడి కూడా దాదాపు అంతే, అంటే చదరపు సెంటీమీటరుకు 0.7 కిలోలు. అదే ట్రాక్ వెడల్పు 30 సెంటీమీటర్లు, నేలను తాకే పొడవు 80 అనుకుందాం. నాలుగూ కలిపి 9,600 చదరపు సెంటీమీటర్లు. లోడుతో, ట్రాక్‌ల బరువుతో కలిపి బండి 1,250 కిలోలు తూగినా 0.13 కిలోలే పడుతుంది, ఐదో వంతు కన్నా తక్కువ. మనిషి ఒంటికాలి మీద నిలబడితే అంతకంటే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. మనం నడుస్తుంటే మోకాలి దాకా దిగబడే మంచులో ఈ బండి పైపైన వెళ్లిపోతుంది. చైన్లు వేసిన టైరు అదే మంచులో గుంత తవ్వుకుంటూ దిగుతుంది, పొట్ట మంచు మీద ఆనిందంటే నాలుగు చక్రాలూ గాల్లో తిరుగుతాయి, ఇక పార పట్టుకోవాల్సిందే.

డులూత్‌లో దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు

నేను మిన్నెసోటాలో ఉంటున్నాను. మా మేనేజర్‌కి చెరువు పక్కన కేబిన్ ఉంది, ప్రతి నవంబర్‌లో ఆయన యూటీవీకి ట్రాక్‌లు ఎక్కించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేస్తాను. డెక్కన్ అన్న లెక్క కరెక్టే, కానీ ఆ లెక్కలో లేని విషయాలు చాలా ఉన్నాయి.

చక్రం విప్పేసి అదే హబ్‌కి, అవే స్టడ్‌లకి త్రికోణం ఆకారంలో ఉండే ట్రాక్ యూనిట్ బిగిస్తారు. లోపల స్ప్రాకెట్ (పళ్ల చక్రం) తిరిగితే రబ్బరు బెల్టు తిరుగుతుంది. స్ప్రాకెట్ టైరు కంటే చిన్నది కాబట్టి గేరింగ్ మారిపోతుంది, స్పీడు సగానికి దగ్గరగా పడిపోతుంది, మీటరు మాత్రం ఎక్కువే చూపిస్తుంది. లో గేర్‌లోనే నడపాలి, హై గేర్‌లో లోడు లాగితే సీవీటీ బెల్టు (ఇంజన్ పవర్‌ని చక్రాల వైపు పంపే బెల్టు) వేడెక్కి కాలిపోతుంది. కిట్ నాలుగూ కలిపి 200 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, ఒక్కడు ఎత్తి బిగించేది కాదు, జాకీ, స్టాండ్లు, ఇంకో మనిషి ఉండాల్సిందే.

అందరూ తేలిగ్గా తీసుకునేది స్టెబిలైజర్ రాడ్. యూనిట్ మొత్తం గిర్రున తిరగబడకుండా దాన్ని చాసిస్‌కి లేదా సస్పెన్షన్ ఆర్మ్‌కి కట్టి ఉంచే రాడ్ అది, చివర్లో రబ్బరు బుష్, పొడవు సర్దుకోవడానికి నట్టు ఉంటాయి. ముందు ట్రాక్ మూతి కాస్త పైకి లేచి ఉండేలా ఆ నట్టు సెట్ చేయాలి. మూతి కిందికి వాలిందా, మంచులోకి గుచ్చుకుని స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. మొదటి రెండు మూడు గంటలు నడిపాక వీల్ నట్లు, ట్రాక్ టెన్షన్, టో అలైన్‌మెంట్ (ముందు ట్రాక్‌లు రెండూ నేరుగా ఉన్నాయా అన్నది) మళ్లీ చూసుకోవాలి. అది వదిలేసినవాళ్లే తర్వాత ట్రాక్ ఊడిపోయిందని గోల పెడతారు.

ఇంకొకటి, మీ దగ్గర ఇదే పెద్ద సమస్య అవుతుంది. మధ్యాహ్నం ఎండకి మంచు కరిగి బురదలా అవుతుంది, రాత్రికి మైనస్ 10 దాటితే అదంతా చిన్న చక్రాల మధ్య గడ్డకట్టి రాయి అయిపోతుంది. సాయంత్రం బండి ఆపే ముందే చీపురుతోనో కర్రతోనో లోపలి మంచు రాల్చేయాలి, చెక్క పలకల మీదే పార్క్ చేయాలి. నేరుగా నేల మీద వదిలేస్తే పొద్దున్నకి ట్రాక్ నేలకి అతుక్కుపోతుంది, యాక్సిలరేటర్ తొక్కితే యాక్సిల్ పోతుంది.

బాలానగర్ వర్క్‌షాప్

నేను దీనికి వ్యతిరేకం. ఎందుకో చెబుతా.

ఆ బండి సస్పెన్షన్‌ని టైరు కోసం డిజైన్ చేశారు. టైరు సాగుతుంది, రాయి తగిలితే నొక్కుకుంటుంది, ఆ దెబ్బలో కొంత తనే మింగేస్తుంది. ట్రాక్ యూనిట్ మింగదు, పైగా ఒక్కో హబ్‌కి అదనపు బరువు వేలాడుతుంది. ఆ భారం వీల్ బేరింగ్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే రాడ్) ఎండ్‌లు, యాక్సిల్ సీవీ జాయింట్ల మీద పడుతుంది. సీజన్ అయ్యాక బండి విప్పితే బాల్ జాయింట్లలో ప్లే (వదులు) కనిపిస్తుంది, జాయింట్ల మీది రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు బయటికొచ్చి ఉంటుంది. మిన్నెసోటాలో పక్క ఊరి షాపుకెళ్తే పార్ట్ దొరుకుతుంది. సిస్సులో టై రాడ్ విరిగితే హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో ఎవడు తెచ్చిస్తాడు, అది కూడా టన్నెల్ దగ్గర మంచు పడి రోడ్డు ఆపేసిన రోజున?

రెండోది ఎత్తు. క్యాంప్ 3,000 మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే 70 శాతమే, టర్బో లేని ఇంజన్ పవర్ కూడా దాదాపు అంతకే పడుతుంది. అంటే మీ 1,000 సీసీ బండి అక్కడ 700 సీసీ బండిలా లాగుతుంది. దాని మీద ట్రాక్ తిప్పడానికి పోయే పవర్, ఎత్తు, లోడు. శామీర్‌పేట్‌లో నడిపినప్పటి బలాన్ని మనసులో పెట్టుకుని నిర్ణయం తీసుకోకండి.

మూడోది, మీ బండి మంచు మీదే తిరగదు కదా. మెయిన్ రోడ్డు మీద బీఆర్‌వో మంచు తోసేశాక మిగిలేది తారు, కంకర, నల్ల ఐసు (కంటికి ఆనని పల్చటి ఐసు పొర). రబ్బరు ట్రాక్ తారు మీద అరిగిపోతుంది, గట్టి ఐసు మీద జారుతుంది. అక్కడ పళ్లు దిగేది చైన్లకే. కాబట్టి టైర్లలో గాలి తగ్గించి, మంచి చైన్లు నాలుగింటికీ వేసి, ముందు వించ్ (దిగబడితే తాడుతో బండిని లాగే మోటారు) పెట్టుకోండి. ముందు చక్రాల చైన్లు బ్రేక్ పైపుకీ టై రాడ్‌కీ తగలకుండా స్టీరింగ్ రెండు వైపులా ఫుల్ తిప్పి చూసుకోండి, కొంచెం దూరం నడిపి దిగి మళ్లీ బిగించండి.

హుజూరాబాద్ వరి

వరి కోతలప్పుడు మా ఊళ్లో టైర్ మిషన్, చైన్ మిషన్ (ట్రాక్‌ల మీద నడిచే కోత మిషన్‌ని మేం అలా అంటాం) రెండూ వస్తాయి. పొలం ఆరి ఉంటే టైర్ మిషన్ పిలుస్తాం. వాన పడి మడి బురదగా ఉంటే గంటకి ఎక్కువ రేటు ఇచ్చి మరీ చైన్ మిషన్ కోసం ఎదురుచూస్తాం, ఎందుకంటే టైర్ మిషన్ దిగబడితే ఇంకో రెండు ట్రాక్టర్లు కట్టి లాగాలి. కానీ చైన్ మిషన్‌ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు మీద నడిపించుకు రాడు ఎవడూ, లారీ ఎక్కించే తెస్తాడు. ఇక్కడ కూడా ప్రశ్న అదే అనిపిస్తోంది అన్నా. క్యాంప్ దారికి ట్రాక్‌ల బండి, మెయిన్ రోడ్డుకి వేరే ఫోర్ బై ఫోర్. ఒకే బండితో రెండు పనులూ చేయాలంటేనే గొడవ.

డెక్కన్ మడ్

బాలానగర్ అన్న చెప్పింది చదివాక కూడా నా మాట మారదు. పార్ట్స్ దొరకవంటే స్పేర్ టై రాడ్, ఒక బెల్టు, ఒక యాక్సిల్ ముందే కొని క్యాంప్‌లో పెట్టుకుంటారు, అది ట్రాక్ వేసినా వేయకపోయినా చేయాల్సిన పనే. మూడు అడుగుల కొత్త మంచు పడిన రాత్రి చైన్లు ఎందుకూ పనికిరావు. పేషెంట్ ఉన్నప్పుడు వించ్ కట్టడానికి చెట్టు వెతుక్కుంటూ కూర్చుంటారా?

ఎల్బీనగర్ అడ్వకేట్

ఒక్క మాట. యూటీవీని రోడ్డు మీదకి తెచ్చే ఆలోచన ఏదైనా ఉంటే మానుకోండి. ఇలాంటి బండ్లు మన దగ్గర ఎక్కువగా రోడ్డు రిజిస్ట్రేషన్ లేకుండానే అమ్ముతారు. రిజిస్టర్ అయిన బండి అయినా, తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే గట్టిగా చెప్పింది. గెస్టుల్ని ఎక్కించుకుని పబ్లిక్ రోడ్డు మీద ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాడు చేతులెత్తేస్తాడు. క్యాంప్ గేటు నుంచి రోడ్డు అంచు దాకా, అంతే.

బాలానగర్ వర్క్‌షాప్

అడ్వకేట్ గారు అన్నదానికి తోడు ఇంకోటి. మన ఆర్మీ తీసుకున్న ఏటర్ ఎన్1200 బండి చూడండి, షెర్ప్ అనే విదేశీ బండి డిజైన్. మంచులో, బురదలో తిరగడానికే పుట్టిన బండి, దానికి ట్రాక్‌లు లేవు, దాదాపు మనిషి ఎత్తు ఉండే లో ప్రెషర్ టైర్లు ఉన్నాయి. తేలడానికి ట్రాక్ ఒక్కటే దారి కాదు. వెడల్పాటి టైర్లు పెట్టి గాలి బాగా తగ్గించినా డెక్కన్ తమ్ముడి లెక్కలో సగం వస్తుంది.

డులూత్‌లో దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు

షెర్ప్ టైర్లు ఈ యూటీవీకి ఎక్కవు కదా అన్నా, ఫెండర్ కిందే పట్టవు. సగం లెక్క మోకాలి లోతు దాకా సరిపోతుందేమో, నడుము లోతు కొత్త మంచుకి చాలదు.

అందరూ వదిలేసిన ఒక విషయం చెప్పాలి. ట్రాక్‌లు వేసుకున్నవాళ్లకి వచ్చే అసలు ప్రమాదం బండి చెడిపోవడం కాదు, టైర్లతో ఎప్పటికీ వెళ్లలేని చోటికి వెళ్లిపోగలగడం. లాహౌల్ అంతా అవలాంచ్‌లు (కొండ మీంచి మంచు కుప్పలు జారిపడటం) పడే లోయ. క్యాంప్ దారి ఏదైనా వాలు కింద నుంచి, నాలా (కొండ వాగు) నోటి ముందు నుంచి వెళ్తుంటే, చైన్ల బండి ఆగిపోయిన చోట ట్రాక్ బండి ఆగదు, నేరుగా ఆ వాలు కిందికి తీసుకెళ్లి పెడుతుంది. రక్షణ శాఖకి చెందిన పరిశోధన సంస్థ డీజీఆర్ఈ వాళ్లు అవలాంచ్ బులెటిన్ ఇస్తారు, డ్రైవర్ అది చూడకుండా తాళం తియ్యకూడదు. ఆ దారి ఒకవైపు వాలుగా ఉంటే ఇంకా జాగ్రత్త, గట్టిపడిన మంచు మీద ట్రాక్ బండి పక్కకి జారిపోతుంది, వెనక్కి తిప్పుకోవడానికి స్టీరింగ్ కోణం కూడా టైర్లంత దొరకదు.

శామీర్‌పేట్ ఆఫ్‌రోడర్

అందరికీ చాలా థ్యాంక్స్. మా బాబాయి కొడుకుతో వీడియో కాల్‌లో దారి మొత్తం చూశాను. రెండు కిలోమీటర్ల లోపే, మొదటి సగం చదునుగా బంగాళాదుంప పొలాల మధ్య నుంచి వెళ్తుంది, రెండో సగంలో ఒక మలుపు దగ్గర పై నుంచి నాలా దిగుతుంది. అక్కడ కిందటేడు మంచు కుప్ప జారి వచ్చిందని పక్క ఊరి పెద్దాయన చెప్పాడట. ఆ మలుపు తప్పించి పొలాల అంచున కొత్త దారి వేసుకోవడానికి ఊరివాళ్లని అడుగుతున్నాం. అది ఒప్పుకుంటే ట్రాక్‌లు, మెయిన్ రోడ్డు దగ్గర షెడ్డులో చైన్లతో ఒక మామూలు ఫోర్ బై ఫోర్. ఒప్పుకోకపోతే జనవరి, ఫిబ్రవరి బుకింగ్‌లు తీసుకోం, పార్ట్‌నర్లకి ఆ మాట చెప్పేశాను.

బాలానగర్ అన్నా, కిట్ ఆర్డర్ చేసేలోపు ముందు హబ్ బేరింగ్‌లు, బాల్ జాయింట్లు ఏ నంబర్లవి స్పేర్‌గా తెచ్చుకోవాలో ఒకసారి చూసి చెప్తారా? బండి మోడల్ ప్లేట్ ఫోటో మీకు మెసేజ్‌లో పంపిస్తాను.

బాలానగర్ వర్క్‌షాప్

పంపించు తమ్ముడూ. ప్లేట్ ఒక్కటే చాలదు, ముందు హబ్ విప్పి బేరింగ్ మీద చెక్కిన నంబర్ కూడా ఫోటో తీయించు. మౌంటింగ్ బ్రాకెట్లు బండి మోడల్‌కీ సంవత్సరానికీ మారతాయి, కిట్ అమ్మేవాడికి ఆ రెండూ రాసి పంపి, సరిపోతుందని వాడు రాతపూర్వకంగా చెప్పాకే డబ్బు కట్టు. ట్రాక్‌ల మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.