45క్యూ ట్యాక్స్ క్రెడిట్: పట్టిన టన్నులకా, లెక్కలో మిగిలిన టన్నులకా?

అందరికీ నమస్కారం. అమెరికాలో, అయోవాలోని ఒక ఇథనాల్ ప్లాంట్‌లో ప్రాసెస్ ఇంజనీర్‌ని. మొక్కజొన్న పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ దాదాపు స్వచ్ఛంగానే ఉంటుంది, ఇప్పుడు గాల్లోకి వదిలేస్తున్నాం. దాన్ని పట్టి, కాల్షియం కార్బొనేట్ తయారుచేసే ఫ్యాక్టరీకి అమ్మాలని మావాళ్ల ఆలోచన. ఇలా పట్టిన వాయువుకు అమెరికా పన్ను చట్టంలోని 45క్యూ సెక్షన్ కింద, టన్నుకు ఇంత అని, కట్టాల్సిన పన్నులో తగ్గింపు (క్రెడిట్) ఇస్తారు. ఆ లెక్క ఎందుకో నా నెత్తిన పడింది.

రేట్లు అర్థమయ్యాయి. వస్తువుల తయారీలో వాడితే టన్నుకు 60 డాలర్లు ఉండేది. 2025 జులై 4 తర్వాత పని మొదలుపెట్టే ప్లాంట్లకు లేదా పట్టే యంత్రాలకు, భూమిలో దాచినవాళ్లతో సమానంగా 85 చేశారు. నిర్మాణ కార్మికుల వేతన, అప్రెంటిస్ నియమాలు పాటించకపోతే 17. ఏడాదికి కనీసం 12,500 టన్నులు పట్టాలి, అది దాటతాం. క్రెడిట్ 12 ఏళ్లు.

అసలు టెన్షన్ లైఫ్ సైకిల్ లెక్క దగ్గర. అంటే, వస్తువుల తయారీలో వాడితే, ముడిసరుకు నుంచి చివరిదాకా వెలువడే వాయువును తీసేశాక మిగిలిన టన్నులకే క్రెడిట్; ఆ లెక్కను నివేదికగా ఇచ్చి ఆమోదం తెచ్చుకోవాలి. ఆ ఫ్యాక్టరీ వాడే సున్నం, సున్నపురాయిని కాల్చి తీసిందే. ఆ బట్టీలో మళ్లీ ఇదే వాయువు వస్తుంది కదా! దాన్ని, కంప్రెసర్ కరెంటును తీసేస్తే మాకు మిగిలేదెంత? సున్నం బదులు స్టీల్ స్లాగ్ (ఉక్కు తయారీలో మిగిలే వ్యర్థం) వాడి ఈ నివేదికకు ఆమోదం తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎన్ని నెలలు పట్టింది?

ఇంకొకటి. పట్టే యంత్రాలు మావి కాబట్టి క్రెడిట్ మాదే, కావాలంటే ఫారం 8933 అనే పన్ను పత్రం ద్వారా, గ్యాస్ వాడే ఆ ఫ్యాక్టరీవాళ్లకు వదిలేయొచ్చు. మేం కట్టే పన్ను తక్కువ. వాళ్లకు వదిలేసి గ్యాస్ ధర పెంచుకోవడం మేలా, క్రెడిట్‌నే బయట నగదుకు అమ్ముకోవడం మేలా? అలా అమ్మితే ఒక డాలరు క్రెడిట్‌కు ఎన్ని సెంట్లు వస్తున్నాయి? మా అకౌంటెంట్‌ని అడిగితే, "నువ్వే కనుక్కుని నాకూ చెప్పు" అన్నాడు.