పాత బాత్రూమ్ టైల్స్ మీదే కొత్తవి మనమే అతికించుకోవచ్చా?

గోడమీద పిల్లి: మాది పై అంతస్తు ఫ్లాట్. బాత్రూమ్ టైల్స్ పాతబడ్డాయి, వాటి సందుల్లో నింపిన గ్రౌట్ నల్లబడి అక్కడక్కడా రాలిపోతోంది. పాతవి పగలగొట్టకుండా వాటి మీదే కొత్తవి, గోడలకీ ఫ్లోర్‌కీ, నేనే అతికిద్దామని ఆలోచన. చిన్నాచితకా పనులు చేసుకునే అలవాటుంది. చెయ్యొచ్చా, మేస్త్రీకే అప్పజెప్పాలా? ఎందుకో కూడా చెప్పండి.

సొంతచెయ్యి: నిక్షేపంగా చేసుకోండి. ముందు ప్రతి పాత టైలునీ తాపీ పిడితో తట్టి చూడండి. డొల్లగా మోగినవన్నీ ఊడదీసి ఆ గుంటలు పూడ్చాలి. మిగతావాటి నునుపు పోయేలా గ్రైండర్‌తో గీకి, సబ్బు జిడ్డు శుభ్రంగా కడగండి. సిమెంట్ పాలతో మాత్రం అతికించకండి. విట్రిఫైడ్ టైల్ 0.5 శాతానికి మించి నీరు పీల్చదు, సిమెంట్‌కి దాని మీద పట్టు దొరకదు. టైల్ మీద టైల్‌కి పనికొచ్చే పాలిమర్ అడెసివ్ అని అడిగి తెచ్చుకోండి. పళ్ల తాపీతో గీతలన్నీ ఒకే దిక్కుగా లాగి, టైల్ వెనక కూడా పల్చగా పూయండి. మొదటి టైల్ అతికించగానే ఒకసారి ఊడదీసి చూడండి, తడి ఉండే గదిలో వెనకభాగం 95 శాతమైనా అంటుకుని ఉండాలి. మా ఇంట్లో మేస్త్రీ టైల్‌కి నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి గోడకి కొట్టేశాడు. ఏడాది తిరక్కుండా గీజర్ కింద వరుసంతా ఊడిపడింది. అడిగితే టైల్ మంచిది కాదన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో తాపీ నా చేతిలోనే ఉంది.

రసమట్టం: వాటం, అంటే నీళ్లు జారడానికి నేలకిచ్చే వాలు, ఆ సంగతి ఎవరూ ఎత్తరేం? మీటరుకి కనీసం 10 మిల్లీమీటర్లు, స్నానం చేసే చోట ఇంకాస్త ఎక్కువ ఉండాలి. ఫ్లోర్ టైల్ మందం, అడెసివ్ కలిపితే నేల ఒక సెంటీమీటరు పైనే లేస్తుంది. నీళ్లు పోయే జాలీ గుంటలో ఉండిపోతుంది, తలుపు నేలకి రాసుకుంటుంది.

కింద ఇల్లు: ప్రశ్నే తప్పుగా ఉంది. టైల్, సిమెంట్ గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపవు. ఆపేది వాటి కింద ఉండే వాటర్‌ప్రూఫింగ్ పొర. గ్రౌట్ రాలిపోతోందంటే ఇన్నాళ్లూ నీళ్లు సందుల్లోంచి దిగుతూనే ఉన్నాయి. ఆ పొర ఇప్పుడు బతికుందో లేదో చూడకుండా పైన ఇంకో వరుస కప్పేస్తారా? ఫ్లోర్ పగలగొట్టాలి. పైపులకి ప్రెషర్ టెస్ట్ చెయ్యాలి. గోడా నేలా కలిసే మూలలు మెత్తి, వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు ఒకదానికొకటి అడ్డంగా, గోడల మీదకి కూడా ఎక్కించి వెయ్యాలి. ఆరాక జాలీ మూసి, నీళ్లు నింపి, 24 గంటలు వదిలి, కింద ఇంటి సీలింగ్ చూడాలి. టైల్ మాట ఆ తర్వాత.

వేసవి గాలి: నీరు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ వేస్తే ఏ గొడవా ఉండదు.

రసమట్టం: గ్రౌట్ ఏదైనా మూలల్లో పగులుతుంది. అక్కడ సిలికాన్ పెట్టాలి. అయినా వాటం లేకపోతే ఏ గ్రౌట్ ఏం చేస్తుంది?

సొంతచెయ్యి: "కింద ఇల్లు" గారూ, ఆయన అడిగింది అతికించడం గురించి. మీరు ఇల్లంతా కూల్చమంటున్నారు. మీరు చెప్పిన 24 గంటల పరీక్ష ఎంతమంది మేస్త్రీలు చేస్తున్నారో చెప్పండి ముందు. పొద్దున పగలగొట్టి సాయంత్రానికి టైల్ పరిచేసేవాళ్లనే నేను చూశాను.

కింద ఇల్లు: నేను మేస్త్రీలని వెనకేసుకొచ్చానా?

సొంతచెయ్యి: మరి మనం చేసుకుంటే తప్పేంటట?

కింద ఇల్లు: తప్పేంటో చెప్తాను. మా పై ఇంటాయన మీలాగే సొంతంగా చేసుకున్నాడు. టైల్ మీద టైల్, ఒక్కటీ డొల్ల మోగదు, మెరిసిపోతోంది. మా బాత్రూమ్ సీలింగ్ పెచ్చులూడి లోపలి ఇనుము తుప్పుతో కనిపిస్తోంది. వెళ్లి చెబితే "మా నేల మీద చుక్క నీరు నిలవదు, మీకెలా కారుతుంది?" అంటాడు. మీకు ఊడితే ఒక టైల్ ఊడుతుంది సార్. నా నెత్తిన స్లాబ్ పెచ్చు పడుతుంది.

సొంతచెయ్యి: అదీ సంగతి! ఆయన మీద కోపం మా మీద తీర్చుకుంటున్నారన్నమాట. మేస్త్రీ చేసినా ఆ లీకు ఆగేది కాదు.

కింద ఇల్లు: ఆగేది కాదేమో. కానీ నిలదీయడానికి ఒక మనిషంటూ ఉండేవాడు.

సొంతచెయ్యి: నేను నిలదీశాను. నాలుగోసారికి ఫోన్ ఎత్తడం మానేశాడు. మీరు నమ్ముకోమంటున్న మనిషి వాడే.

తాపీ పట్టినవాడు: చాలాసేపటి నుంచి చదువుతున్నా. ఈ పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ముద్దలు పెట్టి అతికించేవాళ్లు మాలో ఉన్నారు, కాదనను. కానీ నీళ్లు నింపి ఒక రోజు ఆగుదామంటే ముందు గింజుకునేది ఓనరే. "ఆ రోజు కూలి ఎవరిస్తారు?" అంటారు. వాటర్‌ప్రూఫింగ్ రేటు చెప్పగానే "అది వదిలెయ్, టైల్ మాత్రం మంచిది వెయ్" అంటారు. కనపడే టైల్‌కి ఎంతైనా పెడతారు, కనపడనిదాని దగ్గర బేరం. కారితే మాత్రం మేము దొంగలం. ఆ పొరకి డబ్బు ఎవరు పెట్టాలో, కారితే ఎవరు బాధ్యులో ముందే కాగితం మీద రాసుకోండి. తాపీ ఎవరు పట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

సొంతచెయ్యి: రాసివ్వమంటే ఎంతమంది మేస్త్రీలు రాసిస్తారు?

తాపీ పట్టినవాడు: అడిగిన ఓనరు ఇంతవరకు నాకు తగల్లేదండీ.

గోడమీద పిల్లి: అందరూ కాస్త ఆగండి. కింద ఇంటికి వెళ్లి అడిగొచ్చాను. మా ట్రాప్ (నేలలో నీళ్లు పైపులోకి దిగే చోటు) కింద సీలింగ్‌కి మరక ఉందట, పెరుగుతోందట. గొడవెందుకని చెప్పలేదన్నారు. కాబట్టి ఫ్లోర్ పగలగొడుతున్నాను. గోడలకి మాత్రం టైల్ మీద టైలే, ఎందుకంటే తట్టి చూస్తే దాదాపు అన్నీ గట్టిగానే ఉన్నాయి.

కింద ఇల్లు: షవర్ గోడ కూడా ఊడదీయండి. నీళ్లు పడేది దాని మీదే. పొర అక్కడ మనిషి ఎత్తు దాకా ఎక్కాలి.

సొంతచెయ్యి: షవర్ గోడ వరకు ఒప్పుకుంటాను. కానీ ఆ కోటింగ్ బ్రష్‌తో వేసేదే, డబ్బా మీద రాసినంత సేపు ఆరనిస్తే చాలు. సొంతంగానే వెయ్యండి.

కింద ఇల్లు: వెయ్యమనండి. నీళ్లు నింపిన రోజు కింద ఇంటివాళ్లని పిలిచి చూపించాలి. వాళ్లు సరే అన్నాకే టైల్.

సొంతచెయ్యి: ఆయన బాత్రూమ్‌కి వాళ్ల అనుమతి దేనికండీ?

కింద ఇల్లు: సీలింగ్ వాళ్లది కనక.

తాపీ పట్టినవాడు: పగలగొట్టేటప్పుడు ట్రాప్ నోట్లో గుడ్డ కుక్కండి, లేకపోతే ముక్కలన్నీ పైపులోకి పోతాయి. టైల్ కోసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

రసమట్టం: ఎలాగూ ఫ్లోర్ తీస్తున్నారు కదా. వాటం అనేది వాటర్‌ప్రూఫింగ్ పొరకి కింద ఉండే సిమెంట్‌లోనే ఇస్తారా, టైల్ వేసేటప్పుడు అడెసివ్‌తో సర్దుతారా? రెండోదైతే ఇప్పుడే చెప్పండి, చాలా మాట్లాడాలి.