అయవాస్కా వైద్యంలో రోగి తాగకపోతే మందు పని ఎవరి మీద?

అమెజాన్ అడవుల షిపీబో తెగ వైద్యుల గురించి చదువుతున్నాను. ఆంత్రపాలజీ తెలిసినవాళ్లు ఎవరైనా ఒక సందేహం తీరుస్తారా?

అయవాస్కా అంటే వాళ్లు ఒక తీగనూ చక్రూనా ఆకునూ కలిపి కాచే మత్తు కషాయం. దాని రసాయనం వరకు అర్థమైంది. చక్రూనా ఆకులో డీఎంటీ అనే మత్తు పదార్థం ఉంటుంది. దాన్ని ఒక్కదాన్నే తాగితే ఒంట్లోని ఎంజైమ్ విరగ్గొట్టేస్తుంది. తీగలోని హార్మిన్ అనే పదార్థం ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది కాబట్టే మత్తు ఎక్కుతుంది. (ల్యాబ్ లేకుండా ఈ జోడీని ఎలా పట్టుకున్నారో!)

చిక్కల్లా ఇక్కడే. పాత పద్ధతిలో తరచూ వైద్యుడే తాగేవాడు, రోగి తాగేవాడు కాదు. వైద్యుడు జబ్బు ఎక్కడుందో 'చూసి', ఇకారో అనే వైద్యపు పాటలు పాడేవాడు. మెక్సికోలో మసాటెక్ తెగ వైద్యురాలు మరియా సబీనా మత్తు పుట్టగొడుగుల వేడుకల్లోనూ రాత్రంతా పాటే. గాబన్‌లో ఇబోగా అనే మత్తు మొక్క వేరు బెరడు తినే బ్విటీ మత దీక్షలోనూ సంగీతం ఆగదు.

మరి రోగికి ఊరట ఇచ్చేది పాటా, నమ్మకమా, చుట్టూ ఉన్న మనుషులా? దీన్ని ప్లాసిబో (ఉత్తుత్తి మందుతోనూ నమ్మకం వల్ల కలిగే ఊరట) అని కొట్టిపారేస్తే నాకెందుకో తృప్తిగా లేదు. ఆ వైద్యులు దీన్ని తమ మాటల్లో ఎలా వివరిస్తారు?

వాడి చూసే ఉద్దేశం లేదు, ఎక్కడ దొరుకుతుందో చెప్పొద్దు. డిప్రెషన్ మాత్రలతో కలిస్తే ఇది ప్రాణాల మీదికి రావచ్చని తెలుసు.