ఫ్లాపులు నేర్చుకోవడానికి సిలికాన్ చర్మం చాలదా?

సూదిమొన: సర్జరీలో లోకల్ ఫ్లాపుల (గాయాన్ని కప్పడానికి పక్కనున్న చర్మాన్నే కోసి జరిపే ముక్కల) శిక్షణకి పందికాళ్లు మానేసి సిలికాన్ ప్యాడ్లు చాలని కొందరి వాదన. వాసన ఉండదు, నిల్వ బాధ లేదు. మీరేమంటారు?

జడ్‌ప్లాస్టీ: చాలదు. జడ్‌ప్లాస్టీనే తీసుకోండి, అంటే Z ఆకారంలో కోసి, రెండు మొనల ముక్కల్ని ఒకదాని చోటికి ఒకటి మార్చి మధ్య గీత పొడవు పెంచడం. మధ్య గీత 3 సెం.మీ., అటూ ఇటూ చేతులూ అంతే, కోణం 60 డిగ్రీలు. లెక్క ప్రకారం 75 శాతం పొడవు పెరగాలి. సిలికాన్ షీటును కింద ఏదీ పట్టి ఉంచదు కాబట్టి, కోయగానే ముక్కలు అటూ ఇటూ మారిపోతాయి. పందికాలి మీద కొవ్వు పొరలోకి దిగి అడుగు విప్పేదాకా ఫ్లాపు మొన కదలదు. అక్కడే తప్పు బయటపడుతుంది: బ్లేడు పైకి వాలితే కొవ్వు కిందే ఉండిపోయి, మొన దగ్గర ఉత్త డెర్మిస్ (చర్మం లోపలి పొర) మిగులుతుంది. మనిషిలో నల్లబడేది ఆ మొనే. ఫోర్సెప్స్‌తో నొక్కి పట్టినా అంతే, స్కిన్ హుక్ (చర్మాన్ని ఎత్తి పట్టే చిన్న కొక్కెం) వాడాలి.

నైలాన్40: నల్లబడటం మీ పందికాలు చూపించదు కదండీ! రక్తం పారని చోట ఫ్లాప్ బతికిందో లేదో ఎలా తెలుస్తుంది? పైగా దాని చర్మం మందం, కిందికి గట్టిగా అంటుకుని ఉంటుంది. బలంగా లాగి కుట్టడం చేతికి అలవాటైతే, మనిషి ముఖం మీద అదే బిగువు పెడతారు. గీతలు గీయడానికి, కుట్ల ముడులకి సిలికానే హాయి.

సూదిమొన: మరి రక్తనాళాల కుట్లకి?

పదిసున్నా: అక్కడ మాత్రం కోడి తొడే. సయాటిక్ నరం వెంట నడిచే ధమని ఇంచుమించు 1 నుంచి 2 మి.మీ. ఉంటుంది. 9-0 నైలాన్ కుట్టుదారంతో మొదలుపెట్టి, ఇంకా సన్నని 10-0కి వెళ్లొచ్చు. సిలికాన్ గొట్టం నోరు తెరుచుకునే ఉంటుంది, ధమని చదునుగా అణిగిపోతుంది. అందుకే సూది వెనక గోడనీ కలిపి పట్టేస్తుంది. ముందు అడ్వెంటీషియా (నాళం బయటి పొర) అంచు తీసేయండి, లేకపోతే పీచు లోపలికి దూరుతుంది. అయ్యాక రంగునీళ్లు ఎక్కించి కారుతోందేమో చూసి ఊరుకోకండి. నాళాన్ని నిలువునా చీల్చి లోపలి వైపు కుట్లు చూడండి. కారకపోయినా వెనక గోడ కలిసిపోయి ఉండొచ్చు.

నైలాన్40: నాళాల సంగతి ఒప్పుకున్నా. ఫ్లాపులకి మాత్రం నా మాట నాదే.

జడ్‌ప్లాస్టీ: సరే, బిగువు గురించి మీరన్నది నిజమే. పందికాలు ఫార్మలిన్‌లో వేస్తే ఇంకా బిగుసుకుంటుంది, వేయొద్దు. ఫ్రీజర్‌లోంచి తీసింది పూర్తిగా కరగనివ్వాలి, కొవ్వు గట్టిగా ఉంటే పొర దొరకదు. గ్లవ్స్ తప్పనిసరి, పచ్చిమాంసంలో సాల్మొనెల్లా ఉండొచ్చు. ఆ పనిముట్లు మళ్లీ ఆపరేషన్ థియేటర్ ట్రేలో కలపకండి.