అప్‌డేట్: సెప్టిక్ ట్యాంక్ తీసేసి యూజీడీకి (భూగర్భ డ్రైనేజీకి) కలిపేశాం

విజయవాడలో మా పాత ఇంటి సెప్టిక్ ట్యాంక్ వానాకాలంలో పొంగుతోందని, వీధిలో యూజీడీ లైన్ ఉన్నా ఇల్లు పల్లంలో ఉంది కాబట్టి కలుస్తుందో లేదో అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు లెవెల్ చూపించండి" అన్న సలహానే పనిచేసింది. ప్లంబర్ నీళ్లు నింపిన ట్యూబ్ లెవెల్‌తో చూస్తే వీధి మ్యాన్‌హోల్ అడుగు మా బాత్రూమ్ పైపు కంటే బాగా కిందనే ఉంది. మురుగును పైకి తోడే మోటార్ అక్కర్లేకపోయింది. అప్లికేషన్ పెట్టి, ఫీజు కట్టి, గేటు దగ్గర చాంబర్ కట్టించాం. ట్యాంక్‌ను ఖాళీ చేయించి ఇసుకతో పూడ్చేశాం. దాని గుండా లైన్ వేయొద్దని ప్లంబర్ గట్టిగా చెప్పాడు.

అసలు విషయం తవ్వితే బయటపడింది. ట్యాంక్ ఓవర్‌ఫ్లో పైపు సైడు కాలువలోకి ఉంది, అది పోయి కలిసేది ఏలూరు కాలువలో! దిగువ ఊళ్లలో తాగునీటి చెరువులు నింపేది కాలువల నీళ్లతోనే.

కొందరు చెప్పిన బ్యాక్టీరియా పౌడర్ వేయడం, ట్యాంక్ గాలి గొట్టం ఎత్తు పెంచడం మా సమస్యకు సంబంధం లేనివి. డాబా మీది వాన నీటి పైపు మాత్రం యూజీడీకి కలపకండి, గట్టి వానకు మ్యాన్‌హోళ్లు పొంగుతాయి.