ఆరుగురున్న ఇంటికి రౌటర్: పెద్దది ఒకటా, చిన్నవి మూడా?

మూడోమెట్టు:
ఇంట్లో ఆరుగురం, రెండంతస్తులు. ఫోన్లు, టీవీలు, కెమెరాలు లెక్కపెడితే ఇరవై ఆరు తేలాయి. కనెక్షన్ 300 ఎంబీపీఎస్. రౌటర్ మాత్రం కనెక్షన్‌తో పాటు ఇచ్చినదే, వైఫై 5 కాలం నాటిది. రాత్రి ఎనిమిదయ్యేసరికి పై గదిలో వీడియో కాల్ చేస్తే అవతలి మనిషి నోరు తెరిచి బొమ్మలా ఆగిపోతున్నారు. మంచి వైఫై 7 రౌటర్ ఒకటి కొనాలా, వైఫై 6 మెష్, అంటే ఇంట్లో అక్కడక్కడ పెడితే ఒకే వైఫైలా పనిచేసే మూడు ముక్కలది తీసుకోవాలా? ఖర్చు దాదాపు ఒకటే.

కొత్తపెట్టె:
ఆలోచించే పనే లేదు, వైఫై 7. ధ్రువీకరణ 2024 జనవరిలోనే మొదలైంది, కొత్త ఫోన్లలో వస్తోంది. ఒకే ఫోను రెండు బ్యాండ్లతో, అంటే 2.4, 5, 6 గిగాహెర్ట్జ్ రేడియో దారుల్లో రెండింటితో, ఒకేసారి కలిసి ఉండగలదు. ఒకటి రద్దీగా ఉంటే రెండోదాని మీద పని నడుస్తుంది. ఐదేళ్లకోసారి కొనే వస్తువు, పాతది కొని ఏడవడం ఎందుకు?

తీగమనిషి:
6 గిగాహెర్ట్జ్ చూసుకునే కదా ఈ ఉత్సాహం? రెండు గోడలూ ఒక శ్లాబూ దాటేసరికి దానికి ఊపిరి మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం. గోడల ముందు 2.4 కాస్త నిలబడుతుంది గాని, అందులో ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే. పై గదికి తీగ లాగి అక్కడ యాక్సెస్ పాయింట్, అంటే ఆ తీగ నుంచి వైఫై పంచే పెట్టె పెట్టండి. పెట్టె మీది అంకెలు చూసి మోసపోకండి.

ఉడుత:
ఇప్పుడున్న రౌటర్ ఇంట్లో ఎక్కడుంది?

కొత్తపెట్టె:
మోసం అన్న మాట ఎందుకొచ్చింది?

తీగమనిషి:
ఎందుకంటే ‘ఏఎక్స్5400’ అని రాస్తారు. అందులో 574 ఒక బ్యాండ్‌ది, 4804 ఇంకో బ్యాండ్‌ది. రెండూ కూడితే 5378, దాన్ని సాగదీసి 5400. సాధారణంగా ఫోనుకు ఉండేవి రెండు యాంటెన్నాలు. 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ దొరికితే 2402 ఎంబీపీఎస్, 80 అయితే 1201, అదీ కాగితం మీద. 300 కనెక్షన్ ఉన్నవారికి 5400 అంకె దేనికి, గోడకు తగిలించుకోవడానికా?

కొత్తపెట్టె:
కూడిక తప్పా? రెండు బ్యాండ్లూ ఒకేసారి పనిచేస్తాయి. బస్సులో యాభై సీట్లు అంటే ఒక్కరే యాభై సీట్లలో కూర్చుంటారనా అర్థం?

తీగమనిషి:
బస్సులో ఎవరి సీటు వారిది. ఇక్కడ ఒక ఛానెల్‌లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి. మూలన ఉన్న పాత ఫోను నత్తనడకన మాట్లాడితే అందరి సమయమూ అదే తింటుంది.

కొత్తపెట్టె:
వైఫై 6 వచ్చాక ఛానెల్‌ను ముక్కలు చేసి ఒకే విడతలో పలువురికి పంచుతున్నారు. మీరు పదేళ్ల కిందటే ఆగిపోయారు.

తీగమనిషి:
పాత ఫోనుకు ఆ ముక్క అందుకోవడం తెలియాలి కదా?

గుడ్లగూబ:
మైక్రోవేవ్ పక్కన పెట్టలేదు కదా? మా ఇంట్లో అన్నం వేడి చేసినప్పుడల్లా పాట ఆగేది.

నిదానం:
రాత్రి ఎనిమిది అనగానే నాకు వేరే అనుమానం వచ్చింది. అందరూ ఇల్లు చేరాక ఫోన్లన్నీ ఆ రోజు తీసిన ఫొటోలు పైకి ఎక్కిస్తుంటాయి. అప్‌లోడ్ దారి నిండితే కాల్ వరుసలో చివర నిలబడుతుంది. కంప్యూటర్‌ను తీగతో కలిపి, వేగపరీక్ష నడుస్తుండగా పింగ్, అంటే కబురు వెళ్లి తిరిగొచ్చే సమయం చూడండి. 20 మిల్లీసెకన్లు ఉన్నది 400కు ఎగబాకితే వైఫైని తిట్టి లాభం లేదు. వరుసను అదుపుచేసే ఎస్‌క్యూఎం ఉన్న రౌటర్ కావాలి.

ఉడుత:
మళ్లీ అడుగుతున్నాను. రౌటర్ ఎక్కడుంది?

కొత్తపెట్టె:
అసలు నేను మెష్ వద్దనేది ఎందుకో చెబుతాను. రెండేళ్ల కిందట ఇక్కడే తీగమనిషి గారి మాట విని మెష్ కొన్నాను. సిగ్నల్ అందని గదిలో ఒక ముక్క పెట్టాను. దీపం పచ్చగా వెలిగేది, నెట్ మాత్రం రాదు. డబ్బు బూడిదలో పోసినట్టయింది.

తీగమనిషి:
సగం దారిలో పెట్టమన్నాను. సిగ్నల్ చచ్చిన చోట పెడితే అది పంచేదీ ఆ చచ్చిన సిగ్నలే. పైగా తీగ లేకుండా ఒకే రేడియోతో అందుకుని అందిస్తే వేగం సుమారు సగమవుతుంది. ఇదీ అప్పుడే రాశాను, వెతుక్కోండి.

కొత్తపెట్టె:
సగం దారి అంటే మా ఇంట్లో హాలు. ఆ దీపాలు కంట్లో పడుతున్నాయని మా అమ్మ రెండో రోజే తీయించింది. మీ ఇంట్లో మీరు చెప్పిందే సాగుతుందేమో!

మూడోమెట్టు:
ఉడుత గారూ, ఆలస్యానికి క్షమించండి. రౌటర్ కింది అంతస్తులో, చివరి గదిలో, నా బల్ల పక్కన ఉంది. నా మీటింగులు ఎప్పుడూ ఆగలేదు. ఆగేవి మా ఆవిడవి. పై గదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది.

ఉడుత:
ఈ ముక్క మొదటే రాసి ఉంటే ఆ 5400 గొడవ వినే బాధ తప్పేది. ఇంట్లో ఆరుగురుంటే మీ ఒక్కరి మోచేతి పక్కన రౌటర్!

తీగమనిషి:
ఆఫీసు పని ఉన్నవారి దగ్గర రౌటర్ ఉంటే తప్పేమిటి?

ఉడుత:
పాఠం చెప్పడం పని కాదా? మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నాలుగేళ్లు మెట్ల మీద కూర్చుని కాల్స్ మాట్లాడాను, మా వారి కుర్చీ కదలకూడదని. ‘పెద్ద రౌటర్ కొందాం’ అని అప్పుడు ఆయన కూడా అన్నారు.

తీగమనిషి:
నేను అడిగింది సాంకేతిక విషయం.

ఉడుత:
నేను చెప్పిందీ అదే. మూలన పెడితే సిగ్నల్‌లో సగం గోడ అవతల వీధిపాలు.

మూడోమెట్టు:
రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. నిదానం గారు చెప్పిన పరీక్ష చేశాను, పింగ్ 20 నుంచి 35 దాటలేదు. కాబట్టి వరుస గొడవ కాదు. సొరుగులోని పాత కేబుల్‌తో రౌటర్‌ను మెట్ల మలుపుకు మార్చాను. పక్కనే కూర్చున్నా వేగం 94 దగ్గర ఆగింది. కేబుల్ కొసను దీపం కింద పట్టి చూస్తే ఎనిమిది తీగల్లో గోధుమరంగుది లోహపు పళ్ల దాకా చేరనే లేదు. ఒక్క తీగ అందకపోతే గిగాబిట్ పోర్టు వందకు దిగిపోతుందట. కొత్త కేబుల్ వేశాక 290. పై గదిలో 140 వస్తోంది, నిన్న పాఠం ఆగలేదు. రౌటర్ ఇంకా కొనలేదు. నా బల్ల దగ్గర మాత్రం ఇప్పుడు రెండే గీతలు.

కొత్తపెట్టె:
అందుకే వైఫై 7 అన్నాను.

తీగమనిషి:
బల్లకు తీగ లాగండి.

ఉడుత:
ఆవిడ ఏమన్నారు?

మూడోమెట్టు:
మెట్ల దగ్గర కేబుల్ కాలికి తగులుతోందట.