డంబెల్స్ ధర రోజుకో రకంగా ఉంటోంది, ఎప్పుడు కొనాలి?

అందరికీ నమస్కారం. మాది కూకట్‌పల్లి. డాక్టరు గారు బరువులు ఎత్తమన్నారు, జిమ్‌కి వెళ్లే తీరిక లేదు. అందుకని ఇంట్లోకి రబ్బరు తొడుగున్న హెక్స్ (ఆరు పలకల తలలుండే) డంబెల్స్, 5 కిలోలవి రెండు, కొందామనుకున్నాను.

ఒక యాప్‌లో సోమవారం చూస్తే ఎంఆర్‌పీ 4,999, ధర 2,199, '56 శాతం తగ్గింపు'. జీతం పడ్డాక కొందామని కార్ట్‌లో పెట్టి వదిలేశాను. శుక్రవారానికి ఎంఆర్‌పీ 5,999 అయింది, ధర 2,699, తగ్గింపు 55 శాతం! అంటే తగ్గింపు అలాగే ఉంది, నా జేబుకి మాత్రం 500 చిల్లు. మా ఆవిడ ఫోన్‌లో చూస్తే 2,549. ఇదేం లెక్కో నాకైతే అంతుపట్టలేదు. నేను కార్ట్‌లో పెట్టానని తెలిసే పెంచుతారా?

సరేనని కోఠి వైపు ఒక షాపుకి వెళ్లాను. అక్కడ ఇనుప ప్లేట్లు కిలోల లెక్కన ఇస్తామన్నారు, బేరం కూడా ఆడొచ్చు. పీవీసీవి ఇంకా చవక, కానీ వాటిలో ఉండేది సిమెంటో ఇసుకో కదా, చేయి జారి పడితే పగులుతాయని భయం. మేముండేది మూడో అంతస్తు, కింది వాళ్లతో గొడవ వేరే.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: పండగ సేల్ దాకా ఆగితే నిజంగా తగ్గుతుందా? పాత ధరలు చూసుకునే మార్గం ఏదైనా ఉందా? సిటీలో సెకండ్ హ్యాండ్‌వి ఎక్కడ దొరుకుతాయి? ఇనుముకి తుప్పు తప్ప వేరే తేడా ఏమీ ఉండదనుకుంటున్నాను, కాదంటే చెప్పండి.